మత్తు మానడానికి కౌన్సెలింగ్, థెరపీ: ఏది ఎవరికి, ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

"ఒకసారి కౌన్సెలింగ్ ఇప్పిస్తే దారిలో పడతాడు" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. కౌన్సెలర్ అంటే మనకన్నా గట్టిగా బుద్ధి చెప్పే మనిషి అన్నది ఆ మాట వెనక ఉన్న నమ్మకం. బుద్ధి చెబితే పోయేదైతే మీరు చెప్పినప్పుడే పోయేది. వ్యసనానికి చేసే థెరపీల్లో చాలా రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పని. మానడానికి ఇంకా ఒప్పుకోని మనిషికి పనికొచ్చేది ఒకటి, మానేసి పది రోజులైన మనిషికి పనికొచ్చేది ఇంకొకటి. వాడే మత్తు మారితే పద్ధతీ మారుతుంది. వరస తప్పితే మంచి థెరపీ కూడా దండగే. అందుకే ఇక్కడ వరస ప్రకారం చెబుతున్నాం. ఇంట్లోవాళ్ళను ఉద్దేశించి రాసినా, మానాలనుకునే మనిషికీ ఇదే వరస. "అతను" అన్నచోటల్లా "ఆమె" అని కూడా చదువుకోండి.

1. ముందు ఒక కాగితం నింపండి

ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదట అడిగేవి ఇవే కాబట్టి ముందే రాసి పెట్టుకోండి. ఏ మత్తు, ఎలా తీసుకుంటున్నాడు (మింగడమా, పొగ పీల్చడమా, ముక్కుతోనా, సూదితోనా), రోజుకు ఎంత, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు. "అప్పుడప్పుడు" అని రాయొద్దు. "పోయిన 30 రోజుల్లో 22 రోజులు" అని రాయండి. మద్యం, నిద్రమాత్రలు కూడా కలుస్తున్నాయా అన్నది తప్పకుండా రాయండి. చాలా ఓవర్‌డోసుల (మోతాదు మించి ప్రాణం మీదికి రావడం) వెనక ఉండేది ఈ కలపడమే.

ఇదివరకు మానడానికి చేసిన ప్రయత్నాలు కూడా రాయండి: ఎన్ని రోజులు ఆగాడు, అప్పుడు ఏం సాయపడింది, మళ్ళీ ఎక్కడ జారాడు. సిగ్గుపడి ఇంట్లోవాళ్ళు దాచేది ఈ వరుసనే. కౌన్సెలర్‌కు అన్నిటికన్నా పనికొచ్చేదీ ఇదే.

వ్యసనం ఎంత ముదిరిందో చూడటానికి సైకియాట్రిస్టులు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకంలో 11 లక్షణాలున్నాయి. అనుకున్నదానికన్నా ఎక్కువ వాడటం, తగ్గించాలని చూసి తగ్గించలేకపోవడం, దానికోసం గంటలకొద్దీ సమయం పోవడం, ఆగని యావ, పనీ చదువూ చెడటం, గొడవలైనా వాడుతూనే ఉండటం, ఇష్టమైన పనులు వదిలేయడం, ప్రమాదకరమైన చోట్ల కూడా వాడటం, ఆరోగ్యం చెడుతోందని తెలిసీ వాడటం, అదే మత్తుకు మోతాదు పెరుగుతూ పోవడం, ఆపితే విత్‌డ్రాయల్ (మత్తు అందక ఒళ్ళు, మనసు పడే బాధ) రావడం. గత 12 నెలల్లో 2 లేదా 3 ఉంటే తక్కువ స్థాయి, 4 లేదా 5 ఉంటే మధ్యస్థం, 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తీవ్రం. తక్కువ స్థాయి అయితే కొన్ని సిట్టింగుల మాటలతోనే తేలిపోవచ్చు. తీవ్రమైతే డాక్టరు, థెరపిస్టు, ఇల్లు ముగ్గురూ కలవాల్సిందే.

2. మాటలకన్నా ముందు ఒంటి సంగతి

జనం ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. "గదిలో పెట్టి నాలుగు రోజులు తాళం వేస్తే అదే పోతుంది" అన్నది కొన్ని మత్తుల విషయంలో ప్రాణం తీసే సలహా.

ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరంతో, పెరిగిన గుండె వేగంతో ప్రాణాపాయ స్థితి వస్తుంది. దీన్ని డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు. ఆల్ప్రజోలమ్, డయాజెపామ్ లాంటి నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు నెలల తరబడి వాడినవాళ్ళదీ ఇదే పరిస్థితి. పైగా ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మాత్రలైతే ఫిట్స్ వారం తర్వాత కూడా రావచ్చు, "గండం గడిచింది" అనుకున్నాక. ఈ రెంటినీ డాక్టరు చేతుల్లోనే తగ్గించాలి. మాత్రలైతే వారాలో నెలలో పట్టినా మెట్టు మెట్టుగా దించాలి.

హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు ఆపితే 8 నుంచి 24 గంటల్లో ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి మొదలై 4 నుంచి 10 రోజులు పీడిస్తాయి. సాధారణంగా ప్రాణం తీయవు కానీ నీరసం, డీహైడ్రేషన్ తీయగలవు. కొకైన్, మెథాంఫెటమిన్ (మెథ్) లాంటి ఉత్తేజక మత్తులు ఆపితే కనిపించేది వేరు: రోజుల తరబడి నిద్ర, ఆకలి, గాఢమైన దిగులు. "పడుకున్నాడు కదా, ప్రశాంతంగా ఉన్నాడు" అనుకోకండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు ఈ రోజుల్లోనే వస్తాయి. గంజాయి ఆపితే ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం మొదలై మొదటి వారంలో ఎక్కువై, రెండు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. దీనికి ఆసుపత్రిలో చేరాల్సిన పని సాధారణంగా ఉండదు.

డీటాక్స్‌తో ఒంట్లోంచి మత్తు పోతుంది, అలవాటు పోదు. డీటాక్స్ అయ్యాక థెరపీ లేకుండా ఇంటికి పంపేస్తే ఆ మనిషి ముందుకన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ఎందుకో చివర్లో చెబుతాం.

ఇంట్లో ఓపియాయిడ్లు వాడే మనిషి ఉంటే ఇది అందరికీ తెలిసి ఉండాలి: లేపినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం లేదా గురకలా గరగరమనడం, పెదాలు నీలం తిరగడం, కంటిపాప సూదిమొనంత కావడం ఓవర్‌డోస్ గుర్తులు. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊదండి. ఓపియాయిడ్ మత్తును విరిచే నాలోక్సోన్ స్ప్రే ఉంటే ముక్కులో కొట్టి, 2, 3 నిమిషాల్లో కదలిక రాకపోతే ఇంకొకటి కొట్టండి. కళ్ళు తెరిచాడని ఆసుపత్రి మానొద్దు. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, ఒంట్లో ఉన్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు.

3. ఓపియాయిడ్లకు మాటలు ఒక్కటే చాలవు

ఇందులో మొహమాటం లేకుండా చెప్పాలి. హెరాయిన్, నొప్పి మాత్రలు, ఫెంటనిల్ లాంటివాటికి అలవాటు పడితే మందు లేకుండా కౌన్సెలింగ్ మాత్రమే ఇచ్చే చోటు మంచిది కాదు. మెథడోన్‌ను 1960ల నుంచే వాడుతున్నారు, బ్యూప్రెనార్ఫిన్ ఆ తర్వాత వచ్చింది. ఈ రెండూ యావను అణచి, చావు ముప్పును సుమారు సగానికి తగ్గిస్తాయి. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది" అనే విమర్శ వింటారు. తేడా ఇది: సరైన మోతాదులో ఉన్న మనిషి తూలడు, పనికి వెళతాడు, తర్వాతి డోసు కోసం వెతుక్కోడు.

రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, బ్యూప్రెనార్ఫిన్ తొందరపడి మొదలుపెట్టడం. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగా ఇస్తే విత్‌డ్రాయల్ ఒక్కసారిగా మీద పడుతుంది, మనిషి మళ్ళీ ఆ మందు ముట్టనంటాడు. చివరి డోసు తర్వాత సాధారణంగా 12 గంటలైనా ఆగి, లక్షణాలు స్పష్టంగా కనిపించాక ఇస్తారు. మెథడోన్, ఫెంటనిల్ వాడినవాళ్ళలో ఇంకా జాగ్రత్తగా లెక్క చూస్తారు. రెండు, "బాగున్నాడు కదా" అని రెండు మూడు నెలలకే ఆపేయడం. మెథడోన్‌ను కనీసం 12 నెలలు అనుకోండి, చాలామందికి ఏళ్ళు కూడా. నాల్ట్రెక్సోన్ అనే మూడో మందు ఉంది కానీ ఓపియాయిడ్ ముట్టకుండా 7 నుంచి 10 రోజులు గడిచాకే మొదలుపెట్టాలి.

మెథాంఫెటమిన్, కొకైన్, గంజాయి వ్యసనాలకు ఇంతగా పనిచేసే మందులు లేవు. వాటికి థెరపీయే ప్రధాన చికిత్స.

4. "నాకేం కాలేదు" అనే మనిషితో

అతను రానంటే మీరు వెళ్ళండి. ఇది ఓదార్పు మాట కాదు. ఇంట్లోవాళ్ళకు శిక్షణ ఇచ్చి ఆ మనిషిని చికిత్సకు తెచ్చే క్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది. మద్యం విషయంలో 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ శిక్షణ పొందిన కుటుంబాల్లో 64 శాతం తమవాళ్ళను చికిత్సకు తేగలిగాయి. అందరూ కూర్చుని ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో అది 30 శాతం.

పని చేయాల్సిన తీరు ఇది. వాడని గంటలను బాగుండేలా చేయండి: కలిసి భోంచేయడం, కబుర్లు, అతనికి నచ్చిన పని. మత్తులో వచ్చినప్పుడు అరవకండి, బతిమాలకండి, పక్క గదిలోకి వెళ్ళిపోండి. అతను చేసినదాని ఫలితం అతన్నే చూడనివ్వండి. ఆఫీసుకు "జ్వరం" అని మీరు ఫోన్ చేయడం, అప్పులు మీరు తీర్చడం ఆపండి. ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉంటే మాత్రం ముందు మీ భద్రత, ఆ తర్వాతే ఇవన్నీ.

అడిగే సమయం చూసుకోవాలి. మత్తులో ఉండగా కాదు, గొడవ మధ్యలో కాదు. మర్నాడు తలదించుకుని కూర్చున్నప్పుడు, "ఇలా ఎన్నాళ్ళు" అని తనే అన్నప్పుడు. అమ్మ అడిగితే ఇలా ఉండొచ్చు: "నాన్నా, నిన్న సాయంత్రం నువ్వు ఏమీ తీసుకోకుండా మాతో కూర్చున్నావు, నాకు ఎంత బాగుందో. రేపు 11 గంటలకు ఒకావిడతో మాట్లాడటానికి టైమ్ తీసుకున్నా. అరగంటే. నచ్చకపోతే మళ్ళీ రావద్దు. నేనూ వస్తా." చిన్న అడుగు, తేదీ, గంట, తప్పుకునే వీలు, నాలుగూ అందులో ఉన్నాయి. అతను "సరే" అన్నాక అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికితే ఆ సరే మిగలదు. కాబట్టి ముందే సీటు చూసి పెట్టుకుని అప్పుడు అడగండి.

ఆ మొదటి అరగంటలో మంచి కౌన్సెలర్ చేసేది మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. అమెరికన్ సైకాలజిస్ట్ విలియం మిల్లర్ 1983లో దీన్ని మొదట వివరించాడు. మచ్చుకు ఒక ముక్క:

"మానడం మీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పదిలో ఎంత వేస్తారు?"
"మూడు."
"మూడు. సున్నా వేయలేదు, ఎందుకు?"
"ఏమో... రాత్రిళ్ళు గుండె దడగా ఉంటోంది. మా పాప నన్ను చూసి భయపడుతోంది."
"పాప భయపడటం మీకు బాధగా ఉంది."
"మొన్న పిలిస్తే దగ్గరికి రాలేదండీ."

కౌన్సెలర్ "పది ఎందుకు వేయలేదు?" అని అడిగి ఉంటే, ఎందుకు మానలేడో కారణాలన్నీ చెప్పుకొచ్చేవాడు, వాటిని తనే నమ్మేవాడు. సున్నా గురించి అడిగితే మానాల్సిన కారణం అతని నోటే వచ్చింది. వాదించని, భయపెట్టని ఈ మాటలు చూసి ఇంట్లోవాళ్ళు "ఏమీ అనలేదే, ఊరికే మాట్లాడి పంపేశారే" అనుకుంటారు. అక్కడ జరిగే పనే అది. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు సిట్టింగులు పడుతుంది.

5. మానాక, లేదా మానుతూ ఉండగా: సీబీటీ

మానడానికి ఒప్పుకున్న మనిషికి "ఎలా" అన్నది నేర్పేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ). వారానికి ఒకసారి 45 నుంచి 60 నిమిషాలు, మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు. ఇందులో ఇంటిపని ఇస్తారు. అది చేయకుండా వచ్చి మాట్లాడి వెళితే సగం ప్రయోజనం పోతుంది.

ఇందులో గుండెకాయ గొలుసు విప్పడం. ఒక్కసారి వాడిన సంఘటనను తీసుకుని నిమిషం నిమిషం వెనక్కి నడుస్తారు. శుక్రవారం జీతం పడింది. సాయంత్రం 6 గంటలకు ఖాళీ. ఇంటికి రెండు దారులున్నా పాత స్నేహితుడి వీధి మీదుగా వచ్చాడు, "దగ్గర దారి" అని. స్నేహితుడు కనిపించాడు. "వారమంతా కష్టపడ్డాను, ఒక్కసారికి ఏమవుతుంది" అన్న ఆలోచన. కడుపులో ఏదో కదిలినట్టు, చేతులు చల్లబడ్డట్టు. వాడాడు. రెండు గంటలు హాయి, మర్నాడు అబద్ధాలు.

ఎవరినడిగినా "స్నేహితుడు కనిపించడం వల్ల" అంటారు. గొలుసులో తెగడానికి తేలికైన లింకు మాత్రం అంతకు చాలా ముందుది: ఆ దారి. అప్పటికి యావ లేదు, నిగ్రహం పెద్దగా అవసరం లేదు. యావ పుట్టకముందు తీసుకున్న ఇలాంటి అమాయకపు నిర్ణయాలను పట్టుకోవడం థెరపిస్టు నేర్పుతారు. శుక్రవారానికి ఇంటిపని: జీతం ఇంకొకరితో కలిపి ఉన్న ఖాతాలో పడాలి, 6 గంటలకు ఎవరో ఒకరు ఎదురు రావాలి, సరుకు అమ్మే మనిషి నంబరు తీసేయడమే కాదు, తన నంబరే మార్చుకోవాలి.

యావ వచ్చేశాక చేసేది వేరు. యావ అల లాంటిది, పెరిగి పెరిగి దిగుతుంది, చాలామందిలో 20, 30 నిమిషాల్లో. దానితో కుస్తీ పట్టకుండా "ఇప్పుడు ఛాతీలో బిగుతు, నోరు ఎండుతోంది, 10కి 7 ఉంది" అని గమనిస్తూ 5 నిమిషాలకోసారి అంకె రాసుకోమంటారు. అంకె పడిపోవడం తన చేతి రాతలోనే చూస్తే, "తీసుకుంటే తప్ప పోదు" అన్న నమ్మకం మెల్లగా సడలుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింట్లో ఏదుందో కూడా చూసుకోమంటారు. ఆకలికి అన్నం, అలసటకు నిద్ర. కొన్నిసార్లు అంతే.

"వద్దు" అనడం కూడా సాధన చేయాలి. థెరపిస్టు స్నేహితుడిలా నటించి బలవంతపెడతారు, మనిషి జవాబు చెప్పాలి. "ఈ రోజు వద్దులే" అంటే రేపటికి పిలిచినట్టే. "నేను మానేశాను, మళ్ళీ అడగొద్దు" అని కళ్ళలోకి చూసి, అక్కడి నుంచి కదిలిపోవాలి.

కోపం, చేతులు కోసుకోవడం, ఉద్వేగాలు అదుపు తప్పడం ఎక్కువగా ఉన్నవాళ్ళకు సీబీటీ కన్నా ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) నప్పుతుంది. అది నేర్చుకున్న థెరపిస్టు దొరికితే అడగండి.

6. మెథ్, కొకైన్‌లకు: చీటీల గిన్నె

ఉత్తేజక మత్తులకు ఇప్పటిదాకా అన్నిటికన్నా బాగా పనిచేసినది కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. పేరుకు బరువు ఎక్కువ, సంగతి తేలిక: యూరిన్ టెస్ట్ శుభ్రంగా వస్తే అక్కడికక్కడే బహుమతి. ఒక పద్ధతిలో గిన్నెలో 500 చీటీలు వేస్తారు. 250 చీటీల మీద "శభాష్" అని మాత్రమే ఉంటుంది, 209 చిన్న బహుమతివి, 40 పెద్దవి, ఒక్కటి చాలా పెద్దది. వారానికి రెండు మూడు టెస్టులు, మామూలుగా 12 వారాలు. మొదటి శుభ్రమైన టెస్టుకు ఒక చీటీ, వరసగా శుభ్రంగా ఉంటే ఆ సంఖ్య పెరుగుతూ పోతుంది. టెస్ట్ పాజిటివ్ వచ్చినా, రాకుండా ఎగ్గొట్టినా ఆ రోజు చీటీ లేదు, లెక్క మళ్ళీ ఒకటి నుంచి. తిట్టడం మాత్రం ఉండదు.

"మానినందుకు లంచమా?" అని చాలామంది ముఖం చిట్లిస్తారు. మత్తు ఇచ్చే సుఖం సెకన్లలో వస్తుంది, మానితే వచ్చే మేలు నెలలకు వస్తుంది. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికే ఈ చిన్న బహుమతి. ఇంట్లో ఇదే ఆలోచనను "ఏడాది మానితే బండి కొనిస్తా" అని తిప్పి చేస్తారు, అది పనిచేయదు. ఏడాది చాలా దూరం, ఒక్కసారి జారితే మొత్తం పోయినట్టే, పైగా బండి అమ్మితే డబ్బు. ఇంట్లో చేయాలంటే చిన్నది, అదే రోజు, డబ్బు రూపంలో కాకుండా, ముందే రాసుకున్న లెక్క ప్రకారం ఇవ్వండి.

యూరిన్ టెస్ట్ గురించి ఒక మాట. కొకైన్, మెథ్ రెండు నుంచి నాలుగు రోజులు, హెరాయిన్ ఒకటి నుంచి మూడు రోజులు దొరుకుతాయి. రోజూ గంజాయి తాగినవాళ్ళకు మానేశాక 30 రోజుల వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పాజిటివ్ రావచ్చు. మానేసిన మూడో వారంలో పాజిటివ్ వచ్చిందని అబద్ధాలకోరు అని ముద్ర వేస్తే, నిజంగా మానిన మనిషిని మీరే వెనక్కి తోసినట్టు.

7. కుటుంబం, గ్రూపు, మిగతా జబ్బులు

పిల్లవాడు టీనేజ్‌లో ఉంటే ఒంటరిగా పంపే థెరపీకన్నా కుటుంబమంతా కూర్చునే ఫ్యామిలీ థెరపీ ముందు చూడండి. ఇంట్లో నియమాలు, నిఘా, తల్లిదండ్రుల మధ్య ఉన్న గొడవ అన్నీ అక్కడ టేబుల్ మీదికి వస్తాయి. పెళ్ళైనవాళ్ళకు దంపతుల థెరపీ ఉంది. అందులో రోజూ పొద్దున ఒక నిమిషం ఒప్పందం ఉంటుంది: "ఈ రోజు వాడను" అని ఒకరు, "థాంక్స్, నీకు అండగా ఉంటా" అని ఇంకొకరు. పాత తప్పులు ఆ నిమిషంలో ఎత్తకూడదు. అదే షరతు.

గ్రూపుల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో, నార్కోటిక్స్ అనానిమస్ 1953లో మొదలయ్యాయి. రెండూ ఉచితం, 12 మెట్ల పద్ధతి, ఆ మెట్లలో దైవం ప్రస్తావన ఉంటుంది. దైవం ఊసు ఇష్టం లేనివాళ్ళకు 1994లో వచ్చిన స్మార్ట్ రికవరీ ఉంది, అది సీబీటీ దారిలో నడుస్తుంది. ఒక మీటింగ్ చూసి తేల్చకండి, మూడు నాలుగు వేర్వేరు గ్రూపులు చూడండి. మనుషులను బట్టి గ్రూపు మారిపోతుంది. గ్రూపులు థెరపీకి తోడు, బదులు కాదు. "మందు వేసుకుంటే మానినట్టు కాదు" అని ఎవరైనా బ్యూప్రెనార్ఫిన్ ఆపమంటే, గ్రూపు మార్చండి, మందు కాదు.

దిగులు, అతి ఉత్సాహం దిగులు మారిమారి వచ్చే బైపోలార్, భయంకరమైన గతం వదలని పీటీఎస్‌డీ, చెవిలో మాటలు వినిపించడం లాంటివి వ్యసనంతో కలిసి ఉండటం మామూలే. "ముందు మత్తు మానెయ్, తర్వాత అది చూద్దాం" అనే పాత పద్ధతి పనిచేయదు. రెంటికీ ఒకే బృందం ఒకేసారి చికిత్స చేయాలి. మత్తు వల్ల వచ్చిన దిగులేనా, విడిగా ఉన్న జబ్బా అన్నది మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొంత తేలుతుంది. చచ్చిపోవాలనే మాట నోటి నుంచి వస్తే మాత్రం వారాలు ఆగేది లేదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి.

8. ఇంటి నుంచి వెళ్ళి రావడమా, అక్కడే ఉండటమా

అందరూ ముందు అడిగేది రిహాబ్ (అక్కడే ఉండి చికిత్స తీసుకునే చోటు) గురించే. నిజానికి చాలామందికి అవసరం లేదు. ఇంట్లో ఆసరా ఉండి, ప్రమాదకరమైన విత్‌డ్రాయల్ లేకపోతే వారానికి ఒకటి రెండుసార్లు వెళ్ళి వచ్చే చికిత్స సరిపోతుంది. అది చాలకపోతే వారానికి 9 గంటలు, ఆ పైన ఉండే ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్. ఇంట్లోనే ఇంకొకరు వాడుతుంటే, ఉండటానికి చోటు లేకపోతే, ఔట్‌పేషెంట్‌లో పదే పదే జారితే, అప్పుడు రిహాబ్. ఎక్కడ చేసినా మొత్తం చికిత్స 90 రోజులకన్నా తక్కువైతే ఫలితం అంతంత మాత్రమే అన్నది చాలాకాలంగా తెలిసిన సంగతి. 28 రోజులు లోపల ఉండి వచ్చాక మిగతా 62 రోజులకు ఏర్పాటు లేకపోతే అది సగం చికిత్స.

చేర్చే ముందు ఫోన్‌లోనే అడగండి: సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు? రాత్రి నర్సు ఉంటుందా? ఏ థెరపీ, విడిగా వారానికి ఎన్ని గంటలు, చేసేవాళ్ళ చదువేమిటి? ఓపియాయిడ్లకు మందులిస్తారా? ఇంట్లోవాళ్ళు ఎప్పుడు కలవొచ్చు? డిశ్చార్జ్ తర్వాత ప్లాన్ ఏమిటి? "మా పద్ధతి మాకుంది" అన్న జవాబు జవాబు కాదు. కట్టేయడం, కొట్టడం, ఫోన్ కూడా చేయనివ్వకపోవడం, "నూటికి నూరు శాతం గ్యారంటీ" అనడం, ఈ నాలుగింట్లో ఒక్కటి కనిపించినా ఫోన్ పెట్టేయండి. ఆడవాళ్ళను చేర్చేటప్పుడు విడి వార్డు, మహిళా సిబ్బంది, పిల్లలను చూసుకునే ఏర్పాటు కూడా అడగాలి. పిల్లలను ఎవరు చూస్తారన్న బెంగతోనే చాలామంది చికిత్సకు రారు.

థెరపిస్టుతో కుదిరిందా లేదా అన్నది మూడు నాలుగు సిట్టింగుల్లో తెలిసిపోతుంది. కుదరకపోతే థెరపీ మానడం కాదు, థెరపిస్టును మార్చండి.

9. మళ్ళీ జారితే

జారేవాళ్ళు 40 నుంచి 60 శాతం మధ్య ఉంటారు, రక్తపోటు, ఆస్తమా చికిత్సల్లో మళ్ళీ తిరగబెట్టేవాళ్ళు దాదాపు ఎంతమందో అంతే. కాబట్టి జారినప్పుడు ఏం చేయాలో బాగున్న రోజుల్లోనే రాసి పెట్టుకోవాలి.

ఒక్కసారి వాడటం వేరు, పాత స్థితికి పోవడం వేరు. మధ్యలో ఉండేది "ఎలాగూ చెడింది కదా, ఇంక ఎందుకు" అన్న ఆలోచన. ఒక్కసారిని నెల రోజులుగా మార్చేది అదే, దాన్ని ఊదేది ఇంట్లోవాళ్ళ మొదటి మాట. "నాకు తెలుసు నువ్వు మారవని" అన్న మాటతో మనిషి మళ్ళీ అక్కడికే వెళతాడు.

ఓపియాయిడ్లు వాడినవాళ్ళ విషయంలో ఇంకో లెక్క ఉంది. రెండు మూడు వారాలు ఆపాక ఒళ్ళు పాత మోతాదును తట్టుకోలేదు. డీటాక్స్ నుంచో రిహాబ్ నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన మొదటి రెండు వారాలు ఓవర్‌డోస్‌కు అత్యంత ప్రమాదకరం కావడానికి కారణం ఇదే: మనసుకు పాత మోతాదే గుర్తు, ఒళ్ళు దాన్ని మర్చిపోయింది. ఇంట్లో నాలోక్సోన్ ఉండాల్సిన రోజులు ఇవి.

జేబులో పెట్టుకునే కార్డు మీద ఇవి చాలు: ఒంటరిగా ఉండొద్దు, మిగిలిన సరుకు ఇంకొకరి చేతికి ఇవ్వు. ముందు ఫోన్ చేయాల్సిన మనిషి, అతను ఎత్తకపోతే రెండో మనిషి, ఇద్దరి నంబర్లు. 24 గంటల్లో థెరపిస్టుకు ఫోన్, డాక్టరు ఇచ్చిన మందు వాడుతుంటే దాన్ని ఆపకుండా డాక్టరుకు ఫోన్. తర్వాతి సిట్టింగ్‌కు తీసుకెళ్ళాల్సిన ఒక కాగితం: ఎక్కడ, ఎన్ని గంటలకు, అంతకుముందు గంటలో ఏం జరిగింది, తెగ్గొట్టగలిగిన మొదటి లింకు ఏది. వెనక వైపు ఇంట్లోవాళ్ళు అనాల్సిన ఒకే వాక్యం: "చెప్పినందుకు మంచి పని చేశావు, ఎప్పుడు వెళదాం డాక్టరు దగ్గరికి?"